జనవరి 26కి పిల్లలకి ఏం చెప్పాలి? స్వేచ్ఛ గురించి మన తొలి నాయకులు అసలు ఏమనుకున్నారు?

రాజోలు సోషల్ (జనవరి 17, రాత్రి 9:12)

అందరికీ నమస్కారమండి. రాజోలు దగ్గర ఒక లంక ఊళ్లో హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈసారి జెండా వందనం అయ్యాక పది నిమిషాలు నన్ను మాట్లాడమన్నారు హెడ్మాస్టరు గారు. ప్రతి ఏడూ చెప్పేది ఒకటే: 1949 నవంబరు 26న ఆమోదించారు, 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది, 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు, ఆ తర్వాత చాక్లెట్లు పంచి ఇంటికి పంపేయడం. అంకెలు మా పిల్లలకి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. కానీ పోయినేడు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు "స్వాతంత్ర్యం వచ్చేసింది కదా సార్, మరి దాన్ని కాపాడుకోవాలంటారేంటి, ఎవరెత్తుకుపోతారు?" అని అడిగితే నేను తిన్నగా జవాబు చెప్పలేకపోయాను, ఆ మాట ఏడాదిగా నన్ను వదల్లేదు. ఆ రాసినవాళ్లు దేనికి భయపడ్డారు, ఎవరి నుంచి కాపాడుకోమన్నారు, మన గోదావరి వైపు ముడిపడిన సంగతి ఏదైనా ఉందా, తెలిసినవాళ్లు చెప్పండి.

వాట్సాప్‌లో ఒకటి వచ్చింది, "నిరంతర జాగరూకతే స్వేచ్ఛకు మనం చెల్లించే వెల" అని, అమెరికా తొలి నాయకుడు జెఫర్సన్ అన్నారట. దాంతో మొదలుపెట్టొచ్చా?

తణుకు వకీలు (జనవరి 17, రాత్రి 9:50)

మాస్టారూ, ఆ మాట జెఫర్సన్ రాతల్లో లేదండి. ఆయన పేరు పెట్టి ఎప్పటినుంచో తిప్పుతున్నారు. దానికి దగ్గరగా 1790లో డబ్లిన్‌లో కరన్ అనే ఐర్లండు వకీలు అన్నాడు, ఎప్పుడూ మెలకువగా ఉండాలన్న షరతు మీదే దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడని. పిల్లల ముందు తప్పు పేరు చెప్పకండి. ఒకసారి వాళ్ల నోటికి వస్తే మళ్లీ మార్చలేం.

ఇంకో ఐర్లండు ఆయన మాట మన రాజ్యాంగ సభలోనే వినిపించింది. 1949 నవంబరు 25న అంబేడ్కర్ గారు చివరి ప్రసంగంలో ఓకానెల్‌ని తలుచుకున్నారు. ఏ జాతీ తన స్వేచ్ఛని పణంగా పెట్టి ఎవరికీ కృతజ్ఞత చూపకూడదన్నది ఆ మాట సారం. మీ కుర్రాడికి జవాబు ఆ ప్రసంగంలోనే ఉంది, పూర్తిగా చదవండి.

పాలకొల్లు పెద్దాయన (జనవరి 18, ఉదయం 6:05)

వకీలు గారు సరైన చోటు చూపించారు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో పాలిటిక్స్ చెప్పి రిటైరయ్యాను, ఆ ప్రసంగం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు, ఇప్పటికీ ఒక చోటికొచ్చేసరికి ఆగిపోతాను. రాజ్యాంగం పూర్తయింది, తెల్లారితే ఆమోదం, అందరూ మెచ్చుకుంటున్నారు. అలాంటి రోజున ఆయన లేచి, ఇది ఎంత మంచిదైనా నడిపేవాళ్లు చెడ్డవాళ్లైతే చెడ్డదే అవుతుంది అన్నారు. మన దేశానికి స్వాతంత్ర్యం లేక కాదు, ఉన్నది ఒకసారి పోగొట్టుకున్నాం, పోగొట్టింది మనవాళ్లే అని గుర్తుచేశారు. సింధు మీదికి మహమ్మద్ బిన్ కాసిం వచ్చినప్పుడు దాహిర్ రాజు సేనాపతులు లంచం తీసుకుని కత్తి దించేశారని చెప్పి, మళ్లీ అలా జరగదని ఏమిటి నమ్మకం అని అడిగారు.

మాస్టారూ, "ఎవరెత్తుకుపోతారు" అన్న కుర్రాడికి ఇదే చెప్పండి. ఎత్తుకుపోయేవాడు బయటినుంచే రానక్కర్లేదు, మనమే ఇచ్చేస్తాం. ఎంత గొప్పవాడైనా సరే ఒక మనిషి పాదాల దగ్గర మీ స్వేచ్ఛని పెట్టకండి అన్న ఇంగ్లండు తత్వవేత్త మిల్ మాటని ఆయన సభకి వినిపించారు. మతంలో భక్తి ఆత్మకి మోక్షమేమో గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అన్నారు. ఏదో ఒక పార్టీ గురించి కాదు ఆ మాట. మన ఇళ్లలో గోడకి వేలాడే ప్రతి నాయకుడి ఫోటో గురించి.

డెల్టా రైతు (జనవరి 18, ఉదయం 7:30)

నేను ఇంటర్ వరకే చదివాను, తప్పుంటే చెప్పండి. పెద్దాయన గారు చెప్పిన లంచం సంగతి చదివాక దాళ్వా నాట్ల దగ్గర నిలబడి కూడా అదే ఆలోచిస్తున్నాను. సేనాపతులు తీసుకున్నారంటే తప్పు వాళ్లదని సులువుగా అనేస్తాం, మరి ఎలక్షన్ ముందు రాత్రి వీధిలో లైట్లు ఆర్పి ఇంటింటికీ కవర్లు పంచితే, నాకు రాలేదేంటని అడిగి మరీ తీసుకున్న ఊళ్లు మన డెల్టాలో ఎన్ని లేవు? మా ఇంట్లోనూ ఒకసారి తీసుకున్నాం. నాన్న బతికున్నప్పుడు. తర్వాత కాలువ పూడిక గురించి అడగడానికి వెళ్తే "మీ ఓటుకి అప్పుడే ఇచ్చేశాం కదా" అన్నారు. నాన్న తల దించుకుని వచ్చేశారు.

ఇంకొకటండి. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1852కి పూర్తి చేశాడు, అయిపోయింది కదా అని ఎవరన్నా వదిలేశారా? ప్రతి వేసవికీ కాలువలు కట్టేసి పూడిక తీయాలి, లాకులు బాగుచేయాలి, గట్టు మీద ఎలక బొక్క పడితే వెంటనే పూడ్చాలి. 86 వరదల్లో గట్టు తెగినప్పుడు చూసినవాళ్లకి తెలుసు, గండి ఎప్పుడూ చిన్నగానే మొదలవుతుంది. కాపాడుకోవడం అంటే మీ పిల్లలకి ఇలా చెబితే వాళ్లకి ఇట్టే అర్థమవుద్ది, లంక పిల్లలే కదా.

రాజోలు సోషల్ (జనవరి 18, ఉదయం 8:10)

రైతు గారూ, చేతులెత్తి దండం. ఇది తప్పకుండా వాడుకుంటాను.

పేట మనిషి (జనవరి 18, మధ్యాహ్నం 1:22)

అన్నీ బాగున్నాయి గానీ ఒక మాట అడగాలి. స్వేచ్ఛ పోతుందంటే ఢిల్లీ వైపే ఎందుకు చూస్తున్నారు అందరూ? మా అమ్మమ్మకి స్వేచ్ఛ లేనిది ఢిల్లీ వల్ల కాదు. ఊరి చెరువు దగ్గర ఆవిడ బిందె ముంచకూడదు, ఎవరన్నా వచ్చి పోసేదాకా గట్టు మీద కూర్చోవాలి. ఆ చెరువు ఊరిదే, ఊళ్లో పెద్దలంతా స్వాతంత్ర్యం కోసం ఖద్దరు కట్టినవాళ్లే.

1948 నవంబరు 4న ముసాయిదా సభ ముందు పెడుతూ అంబేడ్కర్ ఇదే చెప్పారు. ఊళ్లే దేశానికి పునాది, పంచాయతీల మీదే రాజ్యాంగం కట్టాలని చాలామంది పట్టుబడుతున్నారు అప్పుడు. ఊరంటే ఏముంది, సంకుచితత్వం, అజ్ఞానం నిండిన చోటు కాదా అని అడిగారాయన. ముసాయిదా ఊరిని పక్కనపెట్టి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. సభలో చాలామందికి కోపం వచ్చింది, ఎన్.జి. రంగా గారు వగైరా. నాకు మాత్రం మొత్తం రాజ్యాంగంలో మా అమ్మమ్మ కనిపించిన చోటు అదే. ఊరికి స్వేచ్ఛ ఇస్తే అది పెద్దింటి అరుగు దగ్గరే ఆగిపోతుంది. మనిషికి ఇస్తేనే పేటదాకా వస్తుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఎవరికీ అడ్డు చెప్పకూడదని 15వ అధికరణంలో పేరుపేరునా రాశారు. చెరువులు అన్న మాట అక్కడ ఊరికే పడలేదండి.

పాలకొల్లు పెద్దాయన (జనవరి 18, మధ్యాహ్నం 3:40)

పేట మనిషి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా 15వ అధికరణంలో చెరువు అన్న మాట దగ్గర ఒక్కరోజూ ఆగలేదు నేను.

అవతలి పక్కా ఒకటుంది, చెప్పకపోతే తప్పవుతుంది. అదే నెల 22న సభ్యుడు సంతానం గారు పంచాయతీల అధికరణం ప్రతిపాదిస్తే ప్రకాశం గారు గట్టిగా సమర్థించారు, అంబేడ్కర్ కూడా ఒప్పుకున్నారు, అదే ఇప్పటి 40వది. ప్రకాశం గారు రాజమండ్రిలో వకీలుగా ఉంటూ మునిసిపల్ చైర్మన్‌గా చేసినవారు. అధికారమంతా దూరంగా ఒకే చోట పోగుపడితే సామాన్యుడి చేతికి ఏమీ మిగలదన్నది ఆ పక్షం భయం. ఒకరికి దూరపు అధికారమంటే భయం, ఇంకొకరికి పక్కింటి అధికారమంటే భయం. నా ఉద్దేశంలో రెండూ నిజమైన భయాలే.

పేట మనిషి (జనవరి 18, మధ్యాహ్నం 3:58)

ఒప్పుకుంటాను. కానీ వరుసలో ముందు ఏది అన్నదే నా ప్రశ్న.

లా ఫైనలియర్ (జనవరి 18, రాత్రి 10:31)

కాకినాడలో చదువుకుంటున్నాను. పెద్దలంటే గౌరవమే గానీ ఇక్కడ అందరూ వాళ్ల మంచి మాటలే రాస్తున్నారు, వాళ్లు చేసినవీ రాయాలి కదా సార్. 1947 ఏప్రిల్‌లోనే సోమనాథ్ లాహిరి అనే కమ్యూనిస్టు సభ్యుడు ఈ ప్రాథమిక హక్కులు పోలీసు కానిస్టేబుల్ చూపుతో రాసినట్టున్నాయి అన్నాడు, ఇచ్చిన ప్రతి హక్కు పక్కనా ఒక మినహాయింపు ఉందని. 1949 ఆగస్టులో ఎమర్జెన్సీ వస్తే హక్కుల కోసం కోర్టుకి వెళ్లడాన్నే ఆపొచ్చు అన్న అధికరణం పాసైనప్పుడు కామత్ అనే సభ్యుడు లేచి ఇది సిగ్గుపడాల్సిన రోజు, దుఃఖపడాల్సిన రోజు అన్నాడు. ఎవరూ వినలేదు.

రాజ్యాంగం వచ్చిన నెలకే, 1950 ఫిబ్రవరిలో, ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చారు. విచారణ లేకుండా జైల్లో పెట్టొచ్చు. తెల్లవాడు అదే చేస్తే రౌలట్ చట్టమని దేశమంతా లేచింది కదా! మద్రాసులో ఒక పత్రికని ఆపితే సుప్రీంకోర్టు 1950 మేలో కుదరదంది, ఏడాది తిరిగేసరికి 1951 జూన్‌లో మొదటి సవరణ చేసేసి వాక్ స్వాతంత్ర్యానికి కొత్త కంచెలు వేశారు. పదహారు నెలలు నిండిందో లేదో. చేసింది ఎవరో కాదు, తొమ్మిదేళ్ల దాకా జైళ్లలో గడిపిన నెహ్రూ గారే.

తణుకు వకీలు (జనవరి 18, రాత్రి 11:15)

బాబూ, నువ్వు రాసిందాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. కోర్టులో నిలబడేవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. మొదట 21వ అధికరణానికి అమెరికా పద్ధతిలో, చట్టం న్యాయంగా ఉందో లేదో కోర్టు చూడొచ్చు అనే మాట ఉండేది. రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు గారు అమెరికా వెళ్లి జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిస్తే, ఆయన దాంతో చిక్కులే, జడ్జీల మీద భారం పడుతుందన్నాడు. ఆ మాట తీసేసి "చట్టం నిర్ణయించిన పద్ధతి" అని పెట్టారు. మన అల్లాడి కృష్ణస్వామయ్యర్ గారు ఆ మార్పుని సమర్థించారు. అంత పెద్ద లాయరు, ఆ విషయంలో ఆయన పొరబడ్డారనే నా అభిప్రాయం. అంబేడ్కర్ గారికి మనసు ఒప్పక తర్వాత 1949 సెప్టెంబరులో 22వ అధికరణం తెచ్చి అరెస్టయినవాడికి కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి అని కొంతలో కొంత పూడ్చారు. ఈ రోజు స్టేషన్ బయట నిలబడి నేను మాట్లాడగలుగుతున్నానంటే ఆ ఒక్క అధికరణం వల్లే.

ఫలితం చూడు. 1950లో, విచారణ లేకుండా జైల్లో పెట్టిన ఏ.కె. గోపాలన్ కేసులో కోర్టు చేతులెత్తేసింది. 1976 ఏప్రిల్‌లో ఎమర్జెన్సీ మధ్యలో, బతికే హక్కు కోసం కూడా కోర్టుకి రావడానికి లేదని అయిదుగురిలో నలుగురు జడ్జీలు రాశారు. ఖన్నా గారొక్కరే కాదన్నారు, దాంతో ఆయనకి రావలసిన చీఫ్ జస్టిస్ పదవి పోయింది. కామత్ భయపడ్డది అక్షరాలా జరిగింది. ఆ తర్వాత 1978లో 44వ సవరణ చేసి ఎమర్జెన్సీలోనైనా 20, 21 అధికరణాలని ఆపడానికి వీల్లేదని రాసుకున్నాం. గండి పడ్డాక గట్టు ఎత్తు పెంచుకున్నట్టు, రైతు గారి భాషలో.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. కామత్ మాట, లాహిరి మాట ఆ సభ రికార్డుల్లో అక్షరం పోకుండా ఉన్నాయి. తమని తిట్టిన మాటని కూడా అచ్చువేసి దాచారు వాళ్లు. నెహ్రూ సంగతంటావా, 1937లో చాణక్య అనే మారుపేరుతో మోడర్న్ రివ్యూ పత్రికలో తన మీద తనే వ్యాసం రాసుకున్నాడు, ఈ జవహర్‌లాల్‌ని నమ్మకండి, కాస్త మెలితిరిగితే నియంత కాగలడు అని. ఆ మనిషే 1951లో ఆ సవరణ తెచ్చాడు. రెండూ నిజమే.

డాలస్ కోనసీమ (జనవరి 19, ఉదయం 5:20)

మాది ముమ్మిడివరం వైపు, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లు. అమెరికావాళ్ల సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇక్కడి తొలి నాయకులదీ ఇదే కథ. 1787లో రాజ్యాంగం రాసి బయటికొస్తే ఒకావిడ ఏమిచ్చారు మాకు అని అడిగితే, "గణతంత్రం, నిలబెట్టుకోగలిగితే" అన్నాడట ఫ్రాంక్లిన్. మనుషులు దేవతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు, కాదు కాబట్టి ఒకరి అధికారానికి ఇంకొకరి అధికారం అడ్డుండాలి అన్నది మాడిసన్ లెక్క. 1791లో వాక్ స్వాతంత్ర్యం రాసుకున్నారు, ఏడేళ్లకే 1798లో ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైలు అని చట్టం చేశారు. 1801లో ఆ చట్టం గడువు తీరింది, జెఫర్సన్ వచ్చి శిక్షపడ్డవాళ్లని క్షమించాడు.

అదే జెఫర్సన్ మనుషులంతా సమానంగా పుట్టారని రాసి, జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలకి యజమానిగా ఉన్నాడు. మా అమ్మాయి స్కూల్లో రెండూ చెబుతారు. నాకది నచ్చింది. పేట మనిషి గారి చెరువు మాట చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను, మా ఊళ్లో చెరువు కూడా అంతే, మేము గట్టుకి ఈ పక్కన ఉన్నవాళ్లం.

గోదారి గట్టు (జనవరి 19, ఉదయం 9:45)

రాజమండ్రి సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడి వెళ్లాక ట్రైనింగ్ కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు, దానికే గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి తీసేశారు. 1908లో పత్రికలో రాసినదానికి రాజద్రోహం కేసు పెట్టి జైలుకి పంపారు. కాకినాడలో వందేమాతరం అన్నాడని కెంప్ అనే తెల్ల డాక్టరు ఒక పిల్లాణ్ని కొట్టాడు, ఊరంతా కదిలింది.

వాక్ స్వాతంత్ర్యానికి మినహాయింపుల్లో ముసాయిదాలో రాజద్రోహం అన్న మాట ఉంటే 1948 డిసెంబరులో సభ్యుడు మున్షీ గారు తీయించారు. ఆ కేసుల్లో జైలుకెళ్లిన తరం కాబట్టే తీయించగలిగారు. కానీ పీనల్ కోడ్‌లో రాజద్రోహం మీది 124-ఏ సెక్షన్ అలాగే ఉండిపోయి 2022 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టమనేదాకా నడిచింది. రాజ్యాంగంలోంచి తీసినా చట్టంలో వదిలేశారంటే సగం పనే చేసినట్టు.

అమలాపురం ఐటీ (జనవరి 19, ఉదయం 11:08)

2022 మే అన్నారు కాబట్టి... ఆ నెల 24న మా ఊళ్లో జిల్లా పేరు మీద గొడవలై ఇళ్లు తగలబెట్టాక నెట్ ఆపేశారు, రోజుల తరబడి. నేను ఇంటినుంచి పనిచేస్తున్నాను అప్పుడు. సిగ్నల్ కోసం లాప్‌టాప్ పట్టుకుని బండి మీద గోదారి దాటి వెళ్లేవాణ్ని, ఉద్యోగం పోతుందేమోనని ఒకటే టెన్షన్. నా కోపం రెండు వైపులా ఉంది. ఇల్లు తగలబెట్టడం స్వేచ్ఛ కాదు. రాజ్యాంగం రాసినాయన పేరు పెడితే తగలబెట్టడం మరీ బాధ. రోడ్ల మీదికెక్కి సాధించుకునే పద్ధతులు ఇక వదిలేయాలి, అవి అరాచకానికి వ్యాకరణం అని ఆయనే ఆ నవంబరు 25 ప్రసంగంలో అన్నారు. అలాగని ఏ తప్పూ చేయని లక్షలమందికి నెట్ ఆపి, ఎప్పుడిస్తారో చెప్పకపోవడం కూడా నాకు న్యాయంగా అనిపించలేదు. నెట్ ఆపితే ఆ ఉత్తర్వు జనానికి తెలిసేలా పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు కశ్మీర్ కేసులో చెప్పింది. ఆ ఉత్తర్వు చూపించమని అడగొచ్చని ఆ రోజు నాకు తెలియదు, తెలిస్తే అడిగేవాణ్ని.

కాకినాడ జగన్నాథపురం (జనవరి 19, సాయంత్రం 4:30)

ఇంతసేపూ చదువుతున్నాను, ఒక్కరైనా మన దుర్గాబాయి గారి పేరు తలుస్తారేమోనని. మాస్టారూ, మీ పిల్లలకి ఇంతకంటే దగ్గర కథ దొరకదు.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923లో మా కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి, మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షత. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టికెట్ లేనిదే ఎవర్నీ పంపొద్దని చెప్పి ఈ పద్నాలుగేళ్ల పిల్లని గేటు దగ్గర నిలబెట్టారు. నెహ్రూ గారు వచ్చారు, టికెట్ లేదు. ఆపేసింది! నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి ఎవర్ని ఆపావో తెలుసా అని కేకలేస్తే, మీరు చెప్పిందే చేస్తున్నాను అంది. చివరికి వాళ్లే టికెట్ కొని ఇస్తే లోపలికి వదిలింది. నెహ్రూ గారు కోపగించుకోలేదు, పని అంత ధైర్యంగా చేసినందుకు మెచ్చుకున్నారు.

ఆ పిల్లే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, తర్వాత లా చదివి, రాజ్యాంగ సభలో సభ్యురాలై నెహ్రూ గారు కూర్చున్న సభలోనే కూర్చుంది. మన వైపు నుంచి కళా వెంకటరావు గారు, మొసలికంటి తిరుమలరావు గారు కూడా ఆ సభలో ఉన్నారు, వాళ్ల పేర్లూ చెప్పండి, పిల్లలు ఎక్కడా వినరు.

పెద్దాయన గారు భక్తి గురించి రాశారే, అది మాటల్లో చెబితే ఏడో తరగతి పిల్లకి ఎక్కదు. టికెట్ అడగడం అంటే ఎక్కుతుంది. అడిగేవాళ్లు ఉండాలి, అడిగితే కొనుక్కుని లోపలికొచ్చే నాయకుడూ ఉండాలి. 1923లో రెండూ కుదిరాయి. 1975లో గేటు దగ్గర నిలబడాల్సినవాళ్లు చాలామంది పక్కకి తప్పుకున్నారు, ఖన్నా గారొక్కరే టికెట్ అడిగారు అనుకోండి.

లా ఫైనలియర్ (జనవరి 19, సాయంత్రం 5:02)

అమ్మా, నేను చదువుకునే ఊళ్లోనే జరిగింది, నాకు తెలియదు.

పేట మనిషి (జనవరి 19, రాత్రి 8:17)

మాస్టారూ, టికెట్ కథ చెప్పండి, చెరువు కూడా చెప్పండి. మీ ముందు కూర్చునే పిల్లల్లో సగంమంది మా అమ్మమ్మ లాంటివాళ్ల మనవలే అయి ఉంటారు.

రాజోలు సోషల్ (జనవరి 26, సాయంత్రం 6:40)

అందరికీ ధన్యవాదాలండి. పది నిమిషాలు కాస్తా ఇరవై అయింది, హెడ్మాస్టరు గారు ఆపలేదు. వాట్సాప్ మాట చెప్పలేదు. గట్టు చెప్పాను, చెరువు చెప్పాను. చెరువు దగ్గరికొచ్చేసరికి వెనక వరుసలో మాటలు ఆగిపోయాయి, కూర్చున్న పెద్దవాళ్లలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు కూడా. పోయినేడు అడిగిన కుర్రాడు ఇప్పుడు పదో తరగతి. "అంటే మనమే ఇచ్చేస్తామా సార్?" అన్నాడు. అవునన్నాను.

టికెట్ కథకి మాత్రం ప్రశ్నలే ప్రశ్నలు. ఆ టికెట్ డబ్బులు ఎవరిచ్చారు, ఇంట్లో తిట్టలేదా, నెహ్రూ గారికి నిజంగా కోపం రాలేదా. ఫిబ్రవరి 28న మా స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉంది, ఐదు రూపాయల టికెట్ పెడదామని పిల్లలే తేల్చారు. గేటు దగ్గర మేముంటామని ముగ్గురు ఆడపిల్లలు పేర్లిచ్చారు, అందులో ఒకమ్మాయి ఆరో తరగతి. సర్పంచ్ గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, వచ్చేటప్పుడు జేబులో ఐదు రూపాయలు చిల్లర వేసుకుని రమ్మని.